బుట్టల పక్కన అట్టముక్క

టైపు చేసేవాళ్ళందరికీ రాయడం కూడా వచ్చనుకుంటారు జనం. మా వీధి చివర నా టైపింగ్, జిరాక్స్ షాపు ఉంది. ఒక పక్క మందుల దుకాణం, ఎదురుగా బస్సులు ఆగే చోటు. ఉద్యోగాలకి దరఖాస్తులు, ఇల్లు ఖాళీ చేయమని నోటీసులు, పిల్లల ప్రాజెక్టులు, ఎవరేది తెచ్చిస్తే అది తప్పుల్లేకుండా కొట్టి చేతిలో పెట్టడం నా పని. అందులో నా సొంత మాట ఒక్కటీ ఉండదు. అయినా "మీరే ఏదో నాలుగు ముక్కలు రాసెయ్యండి మేడమ్" అంటూ కుర్చీ లాక్కుని కూర్చునేవాళ్ళకి కొదవ లేదు. అలాంటివాళ్ళని మర్యాదగా సాగనంపడం నాకు బాగానే వచ్చు. సొంత అన్నయ్య వచ్చి కూర్చుంటే మాత్రం ఏం చేస్తాను?

అన్నయ్య ఉండేది షాపు వెనక గదిలోనే. పేము బుట్టలు అల్లుతాడు. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడ వారగా చుట్టలు చుట్టి పెట్టిన పేము, సరిగ్గా నడిచే దారిలో అది నానబెట్టే నీళ్ళ తొట్టి. ఆ తొట్టిని తన్నుకోకుండా మంచం దాకా వెళ్ళినవాళ్ళు మా ఇంట్లో లేరు. మనిషి నోట్లో నాలుక లేనివాడు. యాభై దాటిన నన్ను ఇంకా చిట్టీ అని పిలుస్తాడు, అంతకుమించి నా మీద చూపించే పెద్దరికం ఏమీ లేదు. కూరలో ఉప్పు మరిచిపోతే "ఇవాళ బాగుంది" అంటాడు. టీ చల్లారిపోయిందని చెప్పడు, తాగేస్తాడు. అతనితో పోట్లాడటమంటే గోడతో పోట్లాడటమే. నేను పోట్లాడుతూనే ఉంటాను.

అన్నయ్య జైల్లో ఉండి వచ్చినవాడు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. వయసులో ఉన్నప్పుడు సరుకుల గోదాములో లారీలకి మూటలెత్తేవాడు. ఒకరోజు తోటి పనివాడితో మాటా మాటా పెరిగి, లారీ మీద నిలబడ్డ ఆ మనిషిని ఒక్క తోపు తోశాడు. కింద బండరాయి. ఆ మనిషి మళ్ళీ లేవలేదు. అన్నయ్య పారిపోలేదు, చెయ్యలేదని బుకాయించనూ లేదు. శిక్ష పడేనాటికి అతని కూతురికి నడక రాలేదు, తిరిగొచ్చేనాటికి పెళ్ళీడుకొచ్చింది. మా వదిన అన్నేళ్ళూ పుట్టింటి ఊళ్ళో "వాళ్ళ నాన్న ఓడలో పనిచేస్తాడు" అని అందరికీ చెప్పుకుంటూ పిల్లని పెంచింది. అన్నయ్య వచ్చిన కొన్నాళ్ళకే, ఇక అబద్ధాలు చెప్పే ఓపిక అయిపోయినట్టు, కన్నుమూసింది.

ఇప్పుడు అసలు సంగతి. ఊరి గ్రంథాలయం పై అంతస్తులో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారు. ఆ ఏర్పాట్లు చూసే మేడమ్ ఒకావిడ కరపత్రాలు జిరాక్స్ తీయించుకోవడానికి మా షాపుకొచ్చింది. కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని, అవే కళ్ళద్దాల కోసం సంచీ అంతా వెతుక్కునే రకం. మనసు మంచిదే. నేను చెడిపోయిన కాగితాలు పడేసే బుట్ట మీద ఆవిడ కన్ను పడింది. కాగితాలన్నీ నా బల్ల మీద గుమ్మరించి బుట్టని చేతుల్లోకి తీసుకుంది. తిరగేసి చూసింది, లోపల చెయ్యి పెట్టి తడిమింది.

"కొసలేవండీ దీనికి?" అంది.

ఆవిడ అడిగింది నిజమే. ఏ బుట్టకైనా లోపలివైపు కోసిన పేము కొసలు కనపడతాయి, చేతికి గుచ్చుకుంటాయి. అన్నయ్య బుట్టలకి ఉండవు. అల్లగా మిగిలిన కొసని కత్తితో కోసెయ్యడు, మళ్ళీ అల్లికలోకే దూర్చి, అది పూర్తిగా అయిపోయేదాకా తిప్పుకుంటూ పోతాడు. ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ ముగించాడో వెతికినా దొరకదు.

మేడమ్ వెనక గదిలోకి వెళ్ళి, తొట్టిని తన్నుకుని, చెప్పులు తడుపుకుని, ఉన్న బుట్టలన్నీ ప్రదర్శనకి కావాలంది. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పింది. "బుట్టల పక్కన చిన్న అట్ట పెడతాం. ఆయన ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు, ఈ కొసల సంగతేంటి, నాలుగు వాక్యాలు చాలు. జనం బుట్ట చూసి ఆగరండీ, మనిషి గురించి చదివి ఆగుతారు. మీరెలాగూ టైపింగేగా, మీరే రాసెయ్యండి."

మర్నాడు షాపు తెరిచేసరికి అన్నయ్య కస్టమర్లు కూర్చునే కుర్చీలో ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తల కూడా దువ్వుకున్నాడు.

"ఎక్కడికి పెళ్ళికొడుకు తయారయ్యాడు?" అన్నాను.

"అట్ట రాస్తావేమోనని" అన్నాడు.

"రాస్తాను సరే. ఏం రాయను? పుట్టాడు, పెరిగాడు, బుట్టలల్లాడు, అంతేగా?"

"పెద్దాయన నేర్పాడని రాయి."

పెద్దాయనెవరో నాకు తెలీదు. జైలు గురించి అన్నయ్య ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదు, మేమూ అడగలేదు. ఆ పొద్దున చెప్పాడు. కస్టమర్ వస్తే ఆగి, వెళ్ళగానే ఎక్కడ ఆపాడో అక్కణ్ణించి మళ్ళీ చెప్పాడు. అతనొక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

జైల్లో ఒక షెడ్డులో బుట్టలల్లించేవారట. అందులో ఒక ముసలి ఖైదీ, అందరూ పెద్దాయన అనేవారు. షెడ్డు మొత్తానికి ఒకటే కత్తి, అది వార్డరు దగ్గర తాళం వేసి ఉండేది. కావలసినవాళ్ళు లేచి వెళ్ళి, చెయ్యి చాపి అడగాలి. పెద్దాయన అడిగేవాడు కాదు. కోసే పని లేకుండా అల్లేవాడు.

"నన్నూ అడగనిచ్చేవాడు కాదు చిట్టీ. ఇంకా ఎంతమందికి చెయ్యి చాపుతావురా, చాపకుండా అల్లు, అనేవాడు. నేను అల్లిన ప్రతిదీ విప్పేసేవాడు. బాలేదని తిట్టేవాడు కాదు. విప్పేసి, పేము మళ్ళీ తడిపి నా చేతికిచ్చేవాడు."

"ఎన్నాళ్ళలా?"

"చాలా రోజులు. మంచిదే అయింది. చేతులు ఖాళీగా ఉంటే ఆ తోపే గుర్తొచ్చేది. చేతులకి తెలిసిన పని అదొక్కటేనేమో అనిపించేది. ఇంకో పని కూడా చేస్తాయని ఆయనే చూపించాడు."

నా చేతిలో ఎవరిదో దరఖాస్తు ఉంది. దాని కేసి చూస్తూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

పెద్దాయన జైల్లోనే పోయాడట, జ్వరంతో, అన్నయ్య ఒళ్ళో తల పెట్టుకుని. ఆయన ఇంటికి కబురు పంపితే ఎవ్వరూ రాలేదట.

"ఆయన ఉన్నాడని ఎక్కడా ఒక్క అక్షరం లేదు చిట్టీ. ఈ అట్ట మీద ఉంటే చాలు. నా గురించి ఏం రాసినా, రాయకపోయినా ఫరవాలేదు."

అన్నయ్య జైలు నుంచి వచ్చాక నన్ను ఒక కోరిక కోరడం అదే మొదలు. చొక్కా కావాలనలేదు, ఫ్యాను తిరగడం లేదని చెప్పలేదు. ఇదొక్కటి అడిగాడు. వచ్చిన కస్టమర్లందర్నీ సాయంత్రం రమ్మని తరిమేసి కూర్చున్నాను. ఎన్నిసార్లు కొట్టానో, ఎన్నిసార్లు చెరిపానో! ఎదుటివాళ్ళ రాతలో తప్పులు పట్టడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. చివరికి తేలింది ఇది:

"ఈ బుట్టలు అల్లినవారు ఈ పని జైల్లో నేర్చుకున్నారు. నేర్పింది తోటి ఖైదీ, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి. అక్కడ కత్తి కావాలంటే చెయ్యి చాపి అడగాలి. పెద్దాయన అడగకుండా అల్లడం నేర్పారు. అందుకే ఈ బుట్టల్లో కోసిన కొస కనపడదు."

అన్నయ్య కాగితం పట్టుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ చదివాడు. "పెద్దాయన" దగ్గర వేలు ఆగింది. తర్వాత అక్కడే ఇంకోసారి ఆగింది. "రెండుసార్లు వచ్చింది" అన్నాడు. ఆ ముఖంలో అంత సంతోషం చూసి నాకూ గర్వంగా అనిపించింది. రచయిత్రినైపోయాననుకున్నాను.

ఆ గర్వం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అన్నయ్య కూతురు వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, వారానికోసారి డ్యూటీ దిగి తండ్రిని చూడటానికి వస్తుంది. మెషీన్ మీద ఉన్న కాగితం తీసి చదివింది. నిలబడే చదివింది. చదివాక కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఇది ఎక్కడ పెడతారత్తా?"

"బుట్టల పక్కన."

"అందరూ చదివేలా?"

"మరి చదవడానికేగా పెట్టేది. మీ ఆయనకి తెలిసిన విషయమేగా, అంత కంగారెందుకే?"

"ఆయనకి తెలుసు. మా అత్తగారికి తెలీదు. ఆడపడుచుకి తెలీదు. నా కూతురికి తెలీదు. వాళ్ళ స్కూలు నుంచి పిల్లల్ని ఆ ప్రదర్శనకే తీసుకెళ్తున్నారు, మా తాతయ్య బుట్టలున్నాయి అని క్లాసంతా చెప్పుకుంటోంది. అది క్లాసందరి మధ్యలో నిలబడి ఇది చదవాలా?"

"చూడమ్మడూ, జరిగింది జరిగిపోయింది. శిక్ష పడింది, అనుభవించాడు, అయిపోయింది."

"నాన్న శిక్ష అయిపోయిందత్తా. నాది ఎప్పుడు అయిపోతుందో నువ్వే చెప్పు."

నా నోటికి ఊళ్ళో పేరుంది. మందుల దుకాణంవాడు నాతో మాట పడలేక తన బోర్డు రెండడుగులు పక్కకి జరుపుకున్నాడు. అలాంటి నేను ఎవరిదో దరఖాస్తు తీసి, అందులో లేని తప్పులు వెతకడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఓడ బొమ్మలు గీసి, ఇందులో మా నాన్న ఉన్నాడు అని పిల్లలకి చూపించుకున్న పిల్ల అది. వాళ్ళమ్మ ఆడిన అబద్ధాన్ని ఆ తర్వాత మోసుకుంటూ వచ్చింది. దాన్ని తప్పు పట్టమంటే ఏమని పట్టను?

"పోనీ బుట్టలు పంపించడం మానేద్దామా?" అన్నాను చివరికి.

"వద్దు. నాన్న పని నలుగురూ చూడాలి. ఆ గదిలోనే ఎన్నాళ్ళుంటాడు?" అంది. కళ్ళు తుడుచుకుని, "జైలన్న ఆ ఒక్క మాట తీసెయ్యి చాలు" అంది.

ఆ ఒక్క మాట తీసేసరికి ఖైదీ, కత్తి, కొసల సంగతి కూడా దాని వెంటే పోయాయి. "ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నారు" అని మిగిలింది. ఇదైతే కక్కలేని, మింగలేని గొడవ తీరుతుందనుకుని మేడమ్‌కి ఫోన్ చేసి చదివి వినిపించాను. అన్నయ్య కూడా వింటాడని ఫోన్ స్పీకర్లో పెట్టాను. తొట్టి పక్కన కూర్చుని అల్లుతూనే ఉన్నాడు, చెవి మాత్రం ఇటే ఉంది.

"ఏ పెద్దాయనండీ?" అంది మేడమ్. "ఎవరో, ఎక్కడో తెలీకుండా ఎలా? వచ్చినవాళ్ళు నన్నడుగుతారు. కొసల సంగతీ లేదు, అదేగా ఈ బుట్టల గొప్పతనం! తాతతండ్రుల నుంచి వస్తున్న పనేనా?"

నేను నోరు తెరిచేలోపే అన్నయ్య కూతురు ఫోన్ మీదకి వంగింది.

"అవునండీ. మా తాతగారే నేర్పారు, అంటే నాన్నకి వాళ్ళ నాన్నగారు. ఇంట్లో పిల్లలుండేవారని కత్తి ముట్టుకోనిచ్చేవారు కాదట. అందుకే కొసలు లోపలికి మడవడం అలవాటైంది."

"అద్భుతం!" అంది మేడమ్. "ఇదే రాయండి. ఇదే కావాలి నాకు."

మా నాన్న! తూకం గుమస్తాగా పనిచేసి రిటైరైన మా నాన్న. ఊడిన బొత్తాం కుట్టుకోవడం రాదు, మూట కడితే వీధి మలుపు తిరిగేలోపు ఊడిపోయేది. అన్నయ్య జైలుకెళ్ళాక ఒక్కసారి కూడా చూడటానికి వెళ్ళలేదు. నేనూ అమ్మా వెళ్ళే రోజున మా చెప్పులు దాచేసేవాడు. మేం ఉత్తకాళ్ళతో వెళ్ళేవాళ్ళం. నాన్న పోయినప్పుడు జైలువాళ్ళు అన్నయ్యని కడసారి చూపుకి పంపలేదు, పంపమని ఇంట్లో పెద్దలెవరూ అడగనూ లేదు.

ఫోన్ పెట్టేశాక అన్నయ్య కేసి చూశాను. ఒక్క మాటంటే చాలు, కాదంటే చాలు, ఆ కాగితం చింపేసేదాన్ని.

"అమ్మాయి ఎలా చెప్తే అలా చెయ్యి చిట్టీ" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "పొద్దున అడిగిందేంటి, ఇప్పుడు అనేదేంటి? నీకు నోరు లేదా?"

"అడిగాను. కుదరలేదు" అన్నాడు. నీళ్ళలోంచి ఒక పేము తీసి నీరు కారిపోయేలా విదిలించాడు. "లోపల ఏదైనా ఒక్కసారే అడుగుతాం. కాదంటే మళ్ళీ అడగం."

కూతురు తల దించుకుంది. గబుక్కున వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు, బస్సు టైమైందని వెళ్ళిపోయింది. ఎవరి మీద అరవాలో తెలీక జిరాక్స్ మెషీన్‌కి ఒక్కటిచ్చాను. అది ఆ పూటంతా నల్లగీతలు పెట్టింది. "తండ్రి వద్ద బాల్యంలోనే ఈ విద్యను నేర్చుకున్నారు" అని నేనే కొట్టాను. తప్పుల్లేకుండా కొట్టాను.

ప్రదర్శన హాలు బాగానే ఉంది. పొడుగాటి కిటికీలు, తెల్లటి గుడ్డ పరిచిన బల్లలు. ఒక బల్ల మీద కుండలు, ఒకదాని మీద చెక్క గరిటెలు, మూలగా మా బుట్టలు. వాటి పక్కన దళసరి అట్ట మీద నేను కొట్టిన అక్షరాలు. మేడమ్ చెప్పింది నిజమే. జనం బుట్టని ఒక చూపు చూసి కదలబోయి, అట్ట చూసి ఆగేవారు. చదివి, అన్నయ్య కేసి చూసి నవ్వేవారు. "తండ్రి విద్య నిలబెట్టారండీ" అని ఒకాయన చెయ్యి కలిపాడు. అన్నయ్య కలిపాడు. అతని చెయ్యి ఎంత తడిగా ఉందో, ఆ పెద్దమనిషి తర్వాత రుమాలు తీసి తుడుచుకున్నాడు.

పిల్లలొచ్చారు. అన్నయ్య మనవరాలు అందరికంటే ముందు, దారి చూపిస్తూ. అట్ట ముందు నిలబడి గొంతెత్తి చదివింది. వాళ్ళమ్మ పని మానుకుని వచ్చింది, నా పక్కనే ఉంది. "తండ్రి వద్ద" అన్న చోట నా మోచెయ్యి పట్టుకుంది.

చదవడమైతే అయిపోయింది. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు ఆ పిల్ల తిరిగి, "తాతయ్యా, మీ నాన్న నీకెలా నేర్పాడు? మా ఫ్రెండ్స్‌కి చెప్పు" అంది.

అన్నయ్య నా వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. ఇద్దరం దిక్కులు చూశాం. అప్పుడతను పిల్లల ఎత్తుకి వంగి, ఒక బుట్ట తీసి వాళ్ళ మధ్యలో పెట్టి, చెప్పడం మొదలుపెట్టాడు.

"మా నాన్న తిట్టేవాడు కాదు. నేను అల్లింది విప్పేసేవాడు. విప్పేసి, పేము మళ్ళీ తడిపి నా చేతికిచ్చేవాడు."

"ఎందుకు?"

"మళ్ళీ అల్లుతానని. ఎవరి ముందూ చెయ్యి చాపొద్దు అనేవాడు. చలేస్తే తన దుప్పటి నాకు కప్పేవాడు. నేనేదో తలుచుకుని ముడుచుకుని కూర్చుంటే, చేతులియ్యి అని లాక్కుని పేము పెట్టేవాడు."

ఏదీ కల్పించలేదు. ఒక్క మనిషిని మాత్రం మార్చాడు. దుప్పటి సంగతి నాకూ చెప్పలేదు, అప్పుడే విన్నాను. ఆ ప్రేమ, ఆ ఓపిక, ఆ దుప్పటి, ఒక్కొక్కటే మా నాన్న పేరు మీదకి వెళ్ళిపోతున్నాయి. నేను అక్కడే నిలబడి ఉన్నాను, ఆపలేను. ఆ పిల్లల ముఖాలు చూస్తే ఎవరాపుతారు?

"మీ నాన్న చచ్చిపోయినప్పుడు నువ్వు ఏడ్చావా?" అని ఒక బుడ్డోడు అడిగాడు.

"ఏడ్చాను. నా ఒళ్ళోనే తల పెట్టుకున్నాడు."

నా మోచేతి మీది పట్టు జారిపోయింది. అన్నయ్య కూతురు కిటికీ దగ్గరకి వెళ్ళి వీధి కేసి తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. దగ్గరకి వెళ్ళి ఏమనను? బాగా చేశావనా, పాడుచేశావనా? రెండూ నిజమే.

"ఆయన ఫోటో ఉందా?" అంది మనవరాలు.

అన్నయ్య బుట్టని తీసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. వెనకే నిలబడి వింటున్న మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ నా చేతులు రెండూ పట్టేసుకుంది. "ఉంటే తప్పకుండా తీసుకురండి. ఇంత గొప్ప తండ్రిని అందరూ చూడాలి."

లేదని చెప్పొచ్చు. పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. "ఉంది" అన్నాను.

మర్నాడు పట్టుకెళ్ళాను. మా హాల్లో గోడ మీదున్న ఫోటోనే. నున్నగా గీసిన గడ్డం, పక్కపాపిడి, జేబులో పెన్ను, ఆఫీసులో తీయించుకున్నది. మేడమ్ దాన్ని బుట్టల వెనక, అట్టకి సరిగ్గా పైన తగిలించింది. వచ్చినవాళ్ళు ముందు ఫోటో చూసి, తర్వాత అట్ట చదివి, మళ్ళీ ఫోటో చూసేవారు. ఒకావిడైతే "ఆ కళ్ళలో ఎంత కరుణో చూడండి" అంది.

అన్నయ్య చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు. నేను పక్కకి వెళ్ళాను.  అప్పుడతనన్నాడు, ఎవరికీ వినపడకుండా, నాకు మాత్రమే.

"పెద్దాయనకి గడ్డం ఉండేది చిట్టీ."